నులిపురుగు పిండంలో శైలిక మొలిచే గంటలు

శైలికలు అనగానే ఇంటర్‌లో జువాలజీ చదివినవాళ్లకు పారమీషియం గుర్తొస్తుంది. ఒంటినిండా ఉన్న సన్నటి పోగులను ఆడిస్తూ ఈదే ఏకకణజీవి బొమ్మ, దాని పక్కన భాగాల పేర్లు. శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసేవీ ఇవేనని ఇంకో పాఠంలో వస్తుంది. దాంతో శైలిక అంటే కదిలేదే అన్న అభిప్రాయం గట్టిగా నాటుకుపోతుంది. నిజానికి మన ఒంట్లో ఎన్నో రకాల కణాలకు ఉండేది కదలని శైలిక. కణం మీద నుంచి పొడుచుకొచ్చి నిలబడి, బయటి కబురు లోపలికి చేరవేయడం దాని పని. కంట్లో వెలుగును పట్టే కణం కొస భాగం అలా మారిన శైలికే. ముక్కులో వాసన పట్టే పోగులు, కిడ్నీ నాళికల లోపలి వైపు నిలబడి ఉండే పోగులు కూడా ఈ కోవలోవే.

ఇలాంటి శైలిక నాడీకణం కొసన ఎప్పుడు, ఎలా మొలుస్తుందన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో చాలా భాగం ఒక మిల్లీమీటరు పొడవున్న నులిపురుగు నుంచి వచ్చింది. పూర్తి పేరు సీనోరాబ్డైటిస్ ఎలిగన్స్. అందరూ సీ. ఎలిగన్స్ అంటారు, ల్యాబుల్లో అయితే ఉత్త 'వర్మ్'. కడుపులో పడే నులిపురుగులకు ఇది దూరపు చుట్టమే కానీ, ఎవరి కడుపులోనూ ఉండదు. కుళ్లుతున్న పళ్లు, ఆకుల మధ్య బాక్టీరియాను తిని బతుకుతుంది. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, బళ్లారి రోడ్డు వైపు జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ఆవరణలో ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో ఈ పురుగు మీద ఏళ్లుగా పని జరిగింది. అనంతపురం, హిందూపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఈ ఊళ్లో బయాలజీ పీహెచ్‌డీలో చేరిన తెలుగు పిల్లలకు పండక్కి ఇంటికెళితే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "పురుగుల మీద పరిశోధన ఏంట్రా?" న్యాయమైన ప్రశ్నే. దానికి తప్పించుకోకుండా జవాబు చెప్పాలంటే శైలిక కథ కంటే మంచిది దొరకడం కష్టం.

ఈ పురుగుకున్న మొదటి సుగుణం, దానిలో అన్నిటికీ లెక్క ఉండడం. పెద్దదైన ద్విలింగ పురుగులో శరీరకణాలు 959, వాటిలో నాడీకణాలు 302. గుడ్డులోని ఒక్క కణంతో మొదలుపెట్టి ఏ కణం ఎప్పుడు చీలి ఏమవుతుందో జాన్ సల్స్టన్, ఆయన సహచరులు 1983 నాటికి పిండం వంశవృక్షం మొత్తం గీసేశారు. ఏ పురుగును తీసుకున్నా దాదాపు అదే వరస. ఈ పురుగు మీద చేసిన పనికే సల్స్టన్‌కు, సిడ్నీ బ్రెనర్‌, రాబర్ట్ హార్విట్జ్‌లతో కలిపి 2002లో నోబెల్ వచ్చింది. రెండో సుగుణం మన విషయానికి ఇంకా దగ్గరిది. 302 నాడీకణాల్లో 60కి శైలికలు ఉంటాయి, ఒంట్లో ఇంకే కణానికీ ఉండవు. అన్నీ కదలనివే. వీర్యకణానికి కూడా తోక ఉండదు, పాకుతూ పోతుంది. ఇక మూడోది: శైలికలు సరిగా రాకపోయినా ల్యాబ్ ప్లేటు మీద ఈ పురుగు బతికేస్తుంది, గుడ్లు పెడుతుంది. ఎలుకలో శైలికలు పూర్తిగా పోతే పిల్ల తల్లి కడుపులోనే చచ్చిపోతుంది. చెడిపోయిన జన్యువు ఏం చేస్తోందో తీరిగ్గా చూడాలంటే దాన్ని మోసే జీవి బతికుండాలి కదా.

శైలిక చెడిన పురుగును గుర్తుపట్టే పద్ధతులు కూడా చాలా సులువైనవి. ప్లేటు మీద చిక్కటి గ్లిసరాల్‌తో ఒక వలయం గీసి, మధ్యలో పురుగులను వదులుతారు. మామూలు పురుగు వలయం అంచుకు తల తగలగానే చటుక్కున వెనక్కి తగ్గుతుంది. శైలికలు లేని పురుగుకు ఆ ఘాటు తెలియదు, నేరుగా దాటిపోతుంది. ఇంకో పద్ధతిలో పురుగులను ఎర్రగా వెలిగే రంగు కలిపిన నీళ్లలో కాసేపు నానబెడతారు. తల ముందున్న సన్నటి రంధ్రం నుంచి బయటికి తెరుచుకున్న శైలికలు ఆ రంగును పీల్చుకుంటాయి. మైక్రోస్కోపు కింద తలలో అటు ఆరు, ఇటు ఆరు నాడీకణాలు, తోక దగ్గర ఇంకో నాలుగు ఎర్రగా మెరుస్తాయి. శైలిక పొట్టిదైతే రంగు ఎక్కదు. ఈ రెండు పరీక్షలతో దొరికిన జన్యువులే తర్వాత మనుషుల జబ్బుల దాకా దారి చూపించాయి.

పరీక్షలు సులువే. శైలిక మొలిచే క్షణాన్ని పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే అది గుడ్డులోనే జరిగిపోతుంది. గుడ్డు పొడవు ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఫలదీకరణ జరిగిన దగ్గర్నుంచి పిల్ల బయటికి రావడానికి సుమారు 14 గంటలు. మొదటి సగంలో కణాలు చీలుతూ పోతాయి, రెండో సగంలో ఉండలాంటి పిండం సాగి పురుగవుతుంది. ముందు కామా ఆకారం వస్తుంది, తర్వాత గుడ్డు పొడవుకు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు, మూడు రెట్లు సాగి, పెంకు లోపలే మడతలు పడుతుంది. ఈ సాగే దశల్లోనే నాడీకణాల శైలికలు ఏర్పడతాయి. సరిగ్గా అప్పుడే కండరాలు పనిచేయడం మొదలవుతుంది. పిండం ముందు చిన్నగా ఉలిక్కిపడుతుంది, కాసేపటికి పెంకు లోపల గిరగిరా దొర్లుతుంది. అగార్ ముక్క మీద పెట్టి, మైక్రోస్కోపు కింద వెలిగే ప్రోటీన్ చుక్క ఒకదాన్ని గంటసేపు ఓపిగ్గా వెంబడించిన విద్యార్థికి ఆ చుక్క ఒక్కసారిగా ఫోకస్ నుంచి జారిపోతుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూద్దామంటే గుడ్డు పెంకు రసాయనాలను లోపలికి రానివ్వదు, పిండాన్ని తీవ్రమైన ఒత్తిడి కింద క్షణంలో గడ్డకట్టించి పలుచగా కోయాల్సి వస్తుంది.

దక్షిణాది ల్యాబుల్లో దీనికి వేడి కూడా తోడవుతుంది. ఈ పురుగుకు హాయిగా ఉండేది 20 డిగ్రీలు. 25 దాటి పోయేకొద్దీ ఇబ్బంది పడుతుంది, 27కి పైన గొడ్డుబోతుంది. పిండం ఎదిగే వేగం కూడా ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం బెంగళూరు కూడా ఇప్పుడు చల్లగా ఏం ఉండడం లేదు, చెన్నై సంగతి చెప్పక్కర్లేదు. ఇంక్యుబేటర్‌కు కరెంటు పోయి బ్యాకప్ అందుకోకపోతే పురుగులు చచ్చిపోకపోవచ్చు, కానీ నిమిషాల లెక్కన వేసుకున్న టైమింగ్ మొత్తం చెడిపోతుంది. ఏ నిమిషానికి ఏ ప్రోటీన్ వచ్చిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న కాబట్టి, ఆ రోజు పని పోయినట్టే.

ఇంత కష్టపడి పిండాన్నే ఎందుకు చూడాలి, పెద్ద పురుగులో శైలిక నిలకడగా కనిపిస్తుంది కదా అని అనిపించడం సహజం. చాలాకాలం శాస్త్రజ్ఞులు చేసిందీ అదే. పెద్ద పురుగును చూసి శైలిక గురించి చాలా నేర్చుకున్నారు, ఒక పెద్ద విషయంలో మాత్రం తప్పుదారి పట్టారు. అది అర్థం కావాలంటే పిండంలో జరిగే వరస తెలియాలి.

మొదట తీగ తయారవుతుంది. పురుగు తలలో రెండు పక్కలా రుచీ వాసనా పట్టే అవయవం ఒకటి చొప్పున ఉంటుంది. ఒక్కోదానిలో 12 నాడీకణాలు, వాటికి ఆసరాగా ఉండే గ్లియా అనే కణాలు రెండు. నాడీకణం ఒళ్లు ముక్కు కొస నుంచి దూరంగా వెనక ఉంటుంది. డెండ్రైట్ అనే పొడవాటి తీగ ముక్కు దాకా వస్తుంది, శైలిక ఉండేది ఆ తీగ చివరన. తీగ ముక్కు వైపు పెరుగుతూ వచ్చిందనుకోవడం తేలిక. మాక్స్‌వెల్ హైమన్, షాయ్ షహామ్ 2009లో చూపించింది వేరు. నాడీకణం పుట్టినప్పుడు ముక్కు ప్రాంతానికి దగ్గర్లోనే ఉంటుంది. కొస అక్కడే అతుక్కుని ఉండిపోతుంది, కణం ఒళ్లు వెనక్కి జరుగుతుంది, మధ్యలో డెండ్రైట్ సాగుతుంది. తాడు పేనేవాళ్లు ఒక కొసను గుంజకు కట్టి వెనక్కి నడుస్తూ పోయినట్టే ఇదీ. ఆ కొసను పట్టి ఉంచే ప్రోటీన్లు రెండు, డెక్స్-1, డివైఎఫ్-7. ఇవి లేకపోతే కణం వెనక్కి జరుగుతుంది గానీ కొస ఊడి దానితో పాటే వచ్చేస్తుంది, డెండ్రైట్ పొట్టిగా మిగిలిపోతుంది. తర్వాతి పరిశోధనల్లో చర్మకణాలు ముందుకు జరిగేటప్పుడు ఈ కొసల గుత్తిని తమతో పాటు ముక్కు వైపు లాక్కెళతాయని కూడా తేలింది.

ఇక శైలిక. దాని లోపల నిలువునా తొమ్మిది జంటల సూక్ష్మనాళికలు, అంటే ప్రోటీన్‌తో కట్టిన సన్నటి గొట్టాలు, వలయంగా నిలబడి ఉంటాయి. ఆ తొమ్మిది ఎక్కణ్ణుంచి వస్తుందంటే సెంట్రియోల్ నుంచి. కణం చీలేటప్పుడు రెండు ధ్రువాల దగ్గర ఉండే ఆ చిన్న పీపానే, కణం ఇక చీలడం మానేశాక పొర దగ్గరికి వెళ్లి శైలికకు అడుగు అవుతుంది. మనుషుల్లో ఈ అడుగు శైలిక ఉన్నంతకాలం అక్కడే ఉంటుంది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో స్పష్టంగా కనిపిస్తుంది. పురుగులో మాత్రం 1970ల నుంచి ఎన్ని పెద్ద పురుగులను కోసి చూసినా శైలిక అడుగున సరైన సెంట్రియోల్ కనబడలేదు. సూక్ష్మనాళికల కొసలు బయటికి విచ్చుకుని ఉన్నాయి, మధ్యలో ఖాళీ. అందుకే ఈ పురుగుకు శైలిక కట్టడంలో సెంట్రియోల్‌తో పనిలేదేమో అన్న అనుమానం చాలాకాలం ఉండిపోయింది.

2009లో హెచ్‌వైఎల్‌ఎస్-1 అనే ప్రోటీన్ ఆ అనుమానాన్ని కదిలించింది. అది సెంట్రియోల్‌లో చేరి ఉండే ప్రోటీన్. దాన్ని తీసేస్తే సెంట్రియోల్ బాగానే తయారవుతుంది, కణవిభజన బాగానే జరుగుతుంది, శైలికలు మాత్రం సరిగా రావు. సెంట్రియోల్ చేసే రెండు పనులు ఇంత శుభ్రంగా విడిపోయి కనిపించడం అరుదు. ఈ జన్యువు మనిషి రూపం చెడితే హైడ్రోలీథాలస్ అనే ఘోరమైన జబ్బు వస్తుంది, బిడ్డ కడుపులోనో పుట్టిన వెంటనేనో చనిపోతుంది. ఫిన్లాండులో ఎక్కువగా గుర్తించిన జబ్బు అది. సెంట్రియోల్‌తో పనిలేకపోతే ఆ ప్రోటీన్ లేనప్పుడు శైలిక ఎందుకు చెడాలి?

2017లో రెండు బృందాలు, ఒకటి వియన్నాలో, ఒకటి అమెరికాలో, పిండాల్లోనే చూసి చిక్కు విప్పాయి. సెంట్రియోల్ డెండ్రైట్ కొసకు చేరుతుంది. శైలిక మొదలవడానికి అది ఉండి తీరాలి. మొదలయ్యాక, శైలిక ఇంకా ఎదుగుతుండగానే, సెంట్రియోల్ లోపలి నిర్మాణం కరిగిపోవడం మొదలవుతుంది. పిల్ల గుడ్డులోంచి వచ్చి పెద్దయ్యే సరికి ఆ చోట మిగిలేది విచ్చుకున్న నాళికల కొసలే. అంటే పెద్ద పురుగును చూసినవాళ్ల కళ్లు మోసం చేయలేదు, అక్కడ నిజంగానే సెంట్రియోల్ లేదు. వాళ్లు చూసిన సమయం తప్పు, అంతే. ఒక నిర్మాణం ఎలా మొదలైందో పూర్తయిన నిర్మాణాన్ని చూసి చెప్పేయడం జీవశాస్త్రంలో ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

సెంట్రియోల్ పోయాక ఆ అడుగును ఎవరు చూసుకుంటారన్నది వెంటనే వచ్చే ప్రశ్న. 2021లో దానికీ కొంత జవాబు దొరికింది. కణవిభజనలో సెంట్రియోల్ చుట్టూ పేరుకునే ఎస్‌పీడీ-5 అనే ప్రోటీన్, సెంట్రియోల్ మాయమైనా శైలిక అడుగున ఉండిపోతుంది, డెండ్రైట్‌లోని సూక్ష్మనాళికలకు మూలస్థానంగా పనిచేస్తుంది. నడిమి భాగం పోయినా చుట్టూ ఉన్నది తన పని తాను చేసుకుపోతుందని అంతకుముందు ఎవరూ పెద్దగా ఊహించలేదు.

అడుగు పడ్డాక శైలిక పొడవు పెరగాలి. శైలిక లోపల ప్రోటీన్లు తయారు కావు, ప్రతి ముక్కా కింది నుంచి మోసుకెళ్లాల్సిందే. ఈ మోత 1993లో క్లామిడోమోనాస్ అనే పచ్చటి ఏకకణ శైవలంలో మొదట కంటపడింది. పురుగులో పైకి మోయడానికి రెండు మోటార్ ప్రోటీన్లు ఉన్నాయి. కైనెసిన్-2 నెమ్మది, సెకనుకు అర మైక్రాన్. ఓఎస్‌ఎమ్-3 చురుకు, సెకనుకు 1.3 మైక్రాన్లు. కింది భాగంలో రెండూ కలిసి మోస్తాయి, అప్పుడు వేగం మధ్యస్థంగా 0.7 ఉంటుంది. పై భాగానికి వెళ్లేది ఓఎస్‌ఎమ్-3 ఒక్కటే. అది లేకపోతే శైలిక పై భాగం రాదు. కైనెసిన్-2 ఒక్కటీ లేకపోతే శైలిక దాదాపు మామూలుగానే నిలబడుతుంది. రెండూ లేకపోతే ఏమీ ఉండదు. కిందికి తేవడం డైనీన్ అనే ఇంకో మోటార్ పని. ఈ మోతలో పాలుపంచుకునే ప్రోటీన్ ఒకటి 2000లో ఎలుక కిడ్నీల్లో తిత్తులు రావడానికి కారణమైన జన్యువేనని తేలింది. పురుగులో దాని రూపం ఓఎస్‌ఎమ్-5, గ్లిసరాల్ లాంటి ఘాటును పసిగట్టలేని పురుగుల్లో దొరికిన జన్యువు. శైవలం, పురుగు, ఎలుక ఇలా ఒకే వాక్యంలోకి వచ్చాక శైలికల మీద వైద్యుల చూపే మారిపోయింది.

అడుగుకూ పొడవుకూ మధ్య ట్రాన్సిషన్ జోన్ అనే పట్టీ ఉంటుంది. శైలికలోకి ఏది వెళ్లాలో ఏది వెళ్లకూడదో చూసే ద్వారంగా దానికి పేరు. పురుగు దీని గురించి ఇంకో విషయం చెప్పింది. ఈ పట్టీలోని ప్రోటీన్లు రెండు మూడు కలిసి చెడితే శైలిక లోపలి నాళికలు పెరగగలుగుతాయి, కానీ డెండ్రైట్ పొట్టిగా మిగిలిపోతుంది. డెక్స్-1 లేనప్పుడు జరిగిందే మళ్లీ ఇక్కడా. పిండంలో కణం వెనక్కి జరిగేటప్పుడు కొసను పట్టి ఉంచడంలో శైలిక అడుగుకు కూడా పాత్ర ఉందన్నమాట. తీగ ముందు, శైలిక తర్వాత అని పైన చెప్పిన వరసను ఈ ఫలితం కొంచెం సడలిస్తుంది. రెండూ ఒకదాన్నొకటి నిలబెట్టుకుంటూ ఎదుగుతాయి.

ఇప్పుడు పండక్కి ఇంటికెళితే ఎదురయ్యే ఆ ప్రశ్నకు, పురుగుల మీద పరిశోధన ఎందుకన్నదానికి వద్దాం. రాయలసీమ జిల్లాల నుంచి బెంగళూరు ఆసుపత్రులకు పిల్లల్ని తీసుకొచ్చే తెలుగు కుటుంబాల్లో కొందరికి డాక్టర్లు ఒక నోరు తిరగని పేరు చెబుతారు: బార్డె-బీడెల్ సిండ్రోమ్. పిల్లాడికి ఆరో వేలు ఉండి ఉంటుంది. ఇంట్లో అది అదృష్టమని మురిసిపోయి ఉంటారు, చాలామంది పిల్లల్లో అది ఒక్కటే ఉంటే నిజంగానే దిగులు పడాల్సింది ఏమీ ఉండదు. వీళ్లలో మాత్రం దానితో పాటు చిన్నప్పటి నుంచే ఒళ్లు వస్తుంది, బడికెళ్లే వయసులో రేచీకటి మొదలవుతుంది, కిడ్నీలు దెబ్బతినొచ్చు. వేలికీ కంటికీ కిడ్నీకీ ఏం సంబంధమని దశాబ్దాల పాటు ఎవరికీ అంతుపట్టలేదు. 2003లో ఈ జబ్బు జన్యువుల్లో ఒకటి చేసే ప్రోటీన్ సెంట్రియోల్ దగ్గర, శైలిక అడుగున ఉంటుందని తేలింది. పురుగులో ఇదే కోవ జన్యువులు శైలికలున్న ఆ 60 నాడీకణాల్లోనే పనిచేస్తున్నాయని కూడా చూశారు. ఈ రెండూ కలిశాకే సంబంధం దొరికింది.

ఇలాంటి జబ్బుల్లో చాలావరకు తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే బయటపడతాయి. మన దగ్గర మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఈ లెక్క తెలిసి ఉండడం మంచిది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లయితే, పుట్టే బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామ, మేనకోడలు అయితే 8లో 1. చెడ్డ ప్రతి కుటుంబంలో లేకపోతే దీనివల్ల ఏమీ జరగదు. ఉంటే, జరిగే అవకాశం బాగా పెరుగుతుంది. ఒక బిడ్డకు జబ్బు ఉందని తేలిన ఇంట్లో తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోవడం ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, ఆ తల్లిదండ్రులకు అది హక్కుగా అందాల్సిన సమాచారం.

కళ్ల విషయంలో వైద్యం ఆశ కొంచెం కొంచెంగా కనిపిస్తోంది. సీఈపీ290 అనే జన్యువు ట్రాన్సిషన్ జోన్‌లో పనిచేస్తుంది, పురుగులోనూ దాని రూపం అక్కడే ఉంటుంది. మనుషుల్లో అది చెడితే పసితనంలోనే చూపు పోయే ఒక రకం అంధత్వం వస్తుంది. ఆ జన్యువును కంటిలోనే సరిదిద్దే ప్రయత్నం 14 మందిలో జరిగింది, 2024లో వెలువడిన ఫలితాల్లో కొందరికి చూపు కొంత మెరుగైంది. అందరికీ కాలేదు. పుట్టాక ఇచ్చే ఇలాంటి చికిత్స పనిచేయాలంటే, చెడిన జన్యువు శైలికను నిలబెట్టుకోవడానికి కూడా కావాల్సినదై ఉండాలి. శైలిక మొలిచే ఆ కొద్ది గంటలకే పరిమితమైన జన్యువైతే, బిడ్డ పుట్టే సరికి దాని పని గడువు దాటిపోయి ఉంటుంది.

ఏ జన్యువు ఏ కోవకు చెందుతుందో తేల్చే పనిముట్టు పురుగు ల్యాబుల్లో 2015 నుంచి ఉంది. కావలసిన ప్రోటీన్‌కు ఒక చిన్న తోక తగిలించి పెడతారు. ప్లేటులో ఆక్సిన్ అనే మొక్కల హార్మోను కలిపితే ఆ తోక ఉన్న ప్రోటీన్‌ను కణమే నాశనం చేసేస్తుంది, గంటలోపే. శైలికలు పూర్తయిన పెద్ద పురుగులో ఇలా తీసేసి, గ్లిసరాల్ వలయం దాటుతుందో లేదో, రంగు ఎక్కుతుందో లేదో చూడొచ్చు. మొదటి నుంచీ ఆ జన్యువు లేని పురుగుతో పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. ఒక్కో జన్యువుకూ ఈ పని విడిగా చేయాలి. ఒక్క బార్డె-బీడెల్‌కే ఇప్పటిదాకా గుర్తించిన జన్యువులు ఇరవైకి పైన ఉన్నాయి.